వేసవి కోర్సుకు 14,500 రూపాయలు: వేట నిషేధం రోజుల్లో ఎలా కట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బీటెక్ రెండో సంవత్సరం పూర్తయింది. అమ్మగారి ఆపరేషన్‌కు నెలరోజులు ఆసుపత్రిలో తోడుండడంతో గణితంలో హాజరు చాలలేదు. ఆ నాలుగు క్రెడిట్ల కోర్సును ఈ వేసవిలో మళ్లీ చదివి పాసు కాకపోతే, దాని మీద ఆధారపడిన రెండు సబ్జెక్టులకు ఐదో సెమిస్టర్‌లో అనుమతి ఇవ్వరు. మొత్తం 14,500, గడువు మే 5. నాన్నగారు చేపల మరబోటులో కళాసీ, అంటే బోటు మీద పనిచేసే మనిషి; వేట నిషేధం వల్ల జూన్ 14 దాకా బోటు కదలదు. మీ చేతిలో 4,000 ఉన్నాయి. ఫోనులో ఒక యాప్ పదివేలు వెంటనే ఇస్తానంటోంది, తీసుకోవచ్చా అని అడిగారు.

తీసుకోవద్దు. డబ్బు కంటే ముందు గడువు సంపాదించండి. మే 5 లోపు, ఉన్న నాలుగు వేలూ పట్టుకుని, వాయిదాలు కోరుతూ అర్జీ ఇవ్వండి. ఈలోగా ఆ 14,500లో మీరు కట్టనక్కర్లేనివి ఏవో తేల్చుకోండి. చివరికి తక్కువ పడేది నా లెక్క ప్రకారం ఆరు వేల చుట్టూ ఉంటుంది. ఆ ఆరు వేలకు యాప్‌ల దాకా వెళ్లే అవసరం లేదు.

నేను ఇరవై నాలుగేళ్లు విశాఖ శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో ఫీజుల విభాగంలో పనిచేశాను. అంటే మీరు క్యూలో నిలబడి తిట్టుకునే ఆ అద్దం వెనక కూర్చున్నది నేనే. కాబట్టి అటువైపు పని ఎలా నడుస్తుందో చెబుతాను.

నోటీసు బోర్డు మీద ఉన్న తేదీ ఒకటి, నిజమైన తేదీ ఇంకొకటి. బోర్డు మీది తేదీ దాటితే ఆలస్య రుసుము పడుతుంది, అంతే. అసలు తలుపు మూసుకునేది బకాయిల జాబితా మా విభాగం నుంచి పరీక్షల విభాగానికి వెళ్లిన రోజున. హాల్ టికెట్లు దాన్ని చూసే ఇస్తారు. ఒకసారి అందులో పేరు ఎక్కిందంటే తీయించడానికి ముగ్గురి సంతకాలు కావాలి. ఆ ముగ్గురూ ఒకే రోజు కళాశాలలో ఉండడం నేను చాలా అరుదుగా చూశాను. అందుకే కౌంటర్‌లో "ఫీజు తగ్గిస్తారా" అని అడగకండి, గుమాస్తాకు ఆ అధికారం లేదు. "బకాయిల జాబితా పరీక్షల విభాగానికి ఎప్పుడు పంపుతారండీ?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు అతనికి తెలుసు, చెప్పడానికి అభ్యంతరమూ ఉండదు.

ఇక గడువుకు ముందు అడగడానికీ తరవాత అడగడానికీ ఎంత తేడా ఉంటుందో చెబుతాను. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బరులో బోట్లు కాలిపోయాయి కదా. ఆ నెలలో ఇద్దరు అబ్బాయిలు ఇంచుమించు ఒకే కష్టంతో వచ్చారు, ఇద్దరి తండ్రులకూ కాలిన బోట్ల మీదే పని. ఒకతను గడువుకు నాలుగు రోజుల ముందే అర్జీతో, మూడు వేలతో వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు మర్నాడే మూడు వాయిదాలకు ఒప్పుకున్నారు. రెండో అబ్బాయికి మొహమాటం. ఎవరినీ అడగలేక, గడువు దాటి పన్నెండు రోజులయ్యాక వచ్చాడు. అప్పటికి జాబితా వెళ్లిపోయింది. అతనికి కూడా చివరికి వాయిదాలు ఇచ్చారు కానీ ఆలస్య రుసుము కట్టాడు, పరీక్షకు ముందు రోజు సాయంత్రం దాకా హాల్ టికెట్ కోసం మెట్ల మీద కూర్చున్నాడు. మొహమాటానికి అంత ఖరీదు కట్టడం నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందు ఆ 14,500ను విప్పి చూడండి. మీరు రాసిన వివరాల ప్రకారం కోర్సు రుసుము క్రెడిట్‌కు 2,500 చొప్పున 10,000. పరీక్ష రుసుము 1,200. వేసవి నిర్వహణ రుసుము 1,300. కళాశాల బస్సుకు 2,000.

బస్సు రుసుము మీరు ఎందుకు కట్టాలి? మీ ఇల్లు పెదజాలారిపేట అన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొడతారు. ఒక బస్సు మారాల్సి వస్తుంది, ఎండలో అది కష్టమే, కాదనను. కానీ నెలన్నరకు రెండు వేలు మిగులుతాయి. కళాశాల బస్సు వద్దని రవాణా విభాగానికి ఒక కాగితం రాసిచ్చి, ఆ పద్దు తీయించండి. అడగకపోతే అది అలాగే ఉంటుంది. ఇది ఊరికే చెప్పడం లేదు. మా దగ్గర సాఫ్ట్‌వేర్ పాత సెమిస్టర్‌లో బస్సు ఉన్నవాళ్లందరికీ వేసవిలోనూ దానంతటదే రుసుము వేసేది. ఒక వేసవిలో అసలు బస్సులే తిరగని రూటుకు కూడా వేసింది. ఆ రసీదులు కొట్టింది నేనే. ఇద్దరు పిల్లలు వచ్చి అడిగితే గానీ మాకు తెలియలేదు. మిగతావాళ్లకు తిరిగి ఇవ్వడానికి మూడు నెలలు పట్టింది.

పరీక్ష రుసుము 1,200 కూడా ఇప్పుడే కట్టాలని లేదు. సాధారణంగా పరీక్ష నోటిఫికేషన్ వచ్చాక దానికి వేరే గడువు ఉంటుంది. అన్నీ కలిపి ఒకే చలానాలో అడగడం కౌంటర్ సౌకర్యం కోసం. విడగొట్టమంటే విడగొడతారు.

నిర్వహణ రుసుము మాత్రం వదులుతారని ఆశ పెట్టుకోకండి. గ్రంథాలయం, ప్రయోగశాల లాంటి వార్షిక రుసుములు ఏడాది మొదట్లో కట్టేశారు కాబట్టి, ఇది మళ్లీ దేనికని అర్జీలో ఒక వాక్యం రాయవచ్చు. నా అనుభవంలో పదిమందిలో ఒకరికి తగ్గించారేమో. అయినా రాయడానికి ఖర్చేముంది.

కాబట్టి మీ అసలు భారం 12,500. అందులో మే నెలలో కదలాల్సింది 11,300. నాలుగు వేలు మీ దగ్గర ఉన్నాయి.

మరో సంగతి మీరు కళాశాలలో అడిగారో లేదో నాకు తెలియలేదు. హాజరు 65కూ 75 శాతానికీ మధ్య ఉంటే వైద్య కారణాల మీద మినహాయింపు ఇచ్చే నిబంధన మన ప్రాంతపు చాలా కళాశాలల్లో ఉంది, చిన్న రుసుముతో. చాలాచోట్ల విద్యార్థి సొంత అనారోగ్యానికే ఇస్తారు, అమ్మగారి ఆపరేషన్‌కు ఇవ్వకపోవచ్చు. అయినా డిశ్చార్జి కాగితంతో విభాగాధిపతిని ఒక్కసారి అడగండి. ఇచ్చారంటే ఈ ఖర్చంతా తప్పుతుంది. మీ హాజరు 65 కంటే తక్కువైతే ఈ పేరా వదిలేయండి.

అర్జీ ఎలా ఉండాలి. ఒక్క పేజీ దాటకూడదు. కష్టాలు రెండు వాక్యాల్లో, లెక్క నాలుగు వాక్యాల్లో. చాలామంది దీన్ని తలకిందులుగా రాస్తారు. ఒకటిన్నర పేజీ కన్నీళ్లు, చివర "దయచేసి సహాయం చేయగలరు". ఏ సహాయం, ఎంత, ఎప్పటికి అన్నది ఉండదు. సంతకం పెట్టే ఆయనకు దాని మీద ఏం రాయాలో తెలియక "పరిశీలించండి" అని రాసి మాకు పంపేవారు. మేము పరిశీలించేవాళ్లం, అంటే ఫైలులో పెట్టేవాళ్లం. మీ అర్జీలో ముఖ్యభాగం ఇలా ఉంటే చాలు:

"మా నాన్నగారు మరపడవలో కళాసీగా పనిచేస్తున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ప్రభుత్వ వేట నిషేధం వల్ల మా కుటుంబానికి ఆదాయం లేదు. వేసవి కోర్సు రుసుములో ఈరోజు 4,000 రూపాయలు చెల్లిస్తున్నాను. మే 31 నాటికి 2,000, జూన్ 18 నాటికి మిగిలిన 5,300 చెల్లిస్తాను. ఆలస్య రుసుము లేకుండా ఈ వాయిదాలకు అనుమతించి, తరగతులకు హాజరయ్యే అవకాశం ఇవ్వవలసిందిగా ప్రార్థన."

చూశారా, దీని మీద సంతకం పెట్టే ఆయన "అనుమతించడమైనది" అని ఒక్క మాట రాస్తే పని అయిపోతుంది. కళాశాల ఫైళ్లు ఇంగ్లీషులో నడుస్తాయి కాబట్టి ఇంగ్లీషులో రాయమంటే ఇవే వాక్యాలను ఇంగ్లీషులో రాసుకోండి. వెనక నాన్నగారి మత్స్యకార గుర్తింపు కార్డు నకలు, రైస్ కార్డు నకలు, అమ్మగారి డిశ్చార్జి కాగితం జతచేయండి. ముందు విభాగాధిపతితో "సిఫారసు చేస్తున్నాను" అని రాయించుకుని, తరవాతే ప్రిన్సిపాల్ కార్యాలయానికి వెళ్లండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద, కాగితం అందిందని వేసే ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. రేపు కాగితం కనబడలేదన్నప్పుడు (కనబడదు, చెబుతున్నాను కదా) ఆ ముద్రే మీకు సాక్ష్యం.

నాలుగు వేలు పట్టుకుని వెళ్లమన్నది ఎందుకంటే, ఖాళీ చేతులతో వచ్చి వాయిదా అడిగేవారినీ కొంత కట్టి అడిగేవారినీ మేము ఒకేలా చూడలేదు. ఇది న్యాయమా అంటే చెప్పలేను. ఒక మే నెలలో ఒకాయన కొడుకు ఫీజుకని ప్లాస్టిక్ కవరులో రబ్బరు బ్యాండు చుట్టి నోట్లు తెచ్చారు. హార్బరు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, నోట్లు చెమ్మగా ఉన్నాయి. లెక్కపెట్టే యంత్రం ప్రతి మూడో నోటునూ బయటికి నెట్టేస్తోంది. ఆయన ఏమీ అనలేదు, తలవంచుకుని నిలబడ్డారు. మా క్యాషియరు యంత్రాన్ని పక్కనపెట్టి, నోట్లన్నీ బల్ల మీద ఫ్యాను కింద పరిచి, అవి ఎగిరిపోకుండా రసీదు పుస్తకాలు బరువు పెట్టి, ఆరాక చేత్తో లెక్కపెట్టింది. మొత్తం 3,700. కట్టాల్సింది పదకొండు వేలు. క్యూ అంతా ఆగిపోయింది గానీ ఒక్కరూ విసుక్కోలేదు. ఆ అబ్బాయి వాయిదా కాగితం నేనే స్వయంగా పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాను.

ఇప్పుడు తక్కువ పడే సొమ్ము. చిక్కు ఇక్కడుంది. జూన్ 15న బోట్లు బయల్దేరినా, వేటకు వెళ్లిన మరబోటు పది పదిహేను రోజులకు గానీ ఒడ్డుకు రాదు. చేప అమ్మి, డీజిలు, ఐసు, సరుకుల ఖర్చులు తీసేశాక కళాసీల వాటా పంచుతారు. అంటే నాన్నగారి చేతికి డబ్బు వచ్చేసరికి జూన్ నెలాఖరు. మీ పరీక్షలు కూడా ఆ వారమే అన్నారు కాబట్టి హాల్ టికెట్ల జాబితా అంతకు వారం ముందే వెళ్లిపోతుంది. ఈ పది పన్నెండు రోజుల సందు పూడ్చడానికే అప్పు కావాలి. ఏళ్ల తరబడి మోసే అప్పు కాదిది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఎక్కడ తీసుకోవాలో సులువుగా తేలుతుంది.

మొదటి చోటు అమ్మగారి డ్వాక్రా సంఘం. సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు కాదు నేను చెప్పేది, సంఘం పొదుపులోంచి సభ్యులకు ఇచ్చే అంతర్గత అప్పు. నెలవారీ సమావేశంలో అడగాలి, తీర్మానం పుస్తకంలో రాయాలి, కాబట్టి మే నెల సమావేశం తేదీ ఇవాళే కనుక్కోండి. చాలా సంఘాల్లో వడ్డీ వందకు రూపాయి. ఆరు వేలకు నెలకు 60, మూడు నెలలకు 180. అదే వీధిలో వందకు అయిదు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 300, మూడు నెలలకు 900.

డైలీ ఫైనాన్స్ వాళ్లు పదివేల అప్పు అని చెప్పి పదిహేను వందలు ముందే పట్టుకుని 8,500 ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. చూడ్డానికి పదిహేను శాతమే అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతున్నారు కాబట్టి, ఏడాది లెక్కన అది 120 శాతం చుట్టూ తేలుతుంది. పైగా వేట నిషేధంలో రోజుకు వంద ఎక్కణ్నుంచి తెస్తారు?

యాప్‌ల సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. అప్పిచ్చేముందు మీ ఫోనులోని పేర్లు, ఫొటోలు చూసేందుకు అనుమతి అడిగేది ఏదైనా సరే, ముట్టుకోకండి. మా విద్యార్థిని ఒకమ్మాయి అయిదు వేలు తీసుకుని ఒక వారం ఆలస్యం చేస్తే, వాళ్లు ఆమె అధ్యాపకులకు ఫోన్లు చేశారు. అయిదు వేల కోసం ఆ పిల్ల నెల రోజులు తరగతికి రాలేదు.

బోటు యజమాని దగ్గర అడ్వాన్సు అడగమని ఎవరైనా చెప్పవచ్చు. వడ్డీ ఉండదు, నిజమే. కానీ ఆ బాకీ తీరేదాకా నాన్నగారు వేరే బోటుకు మారలేరు, వాటా దగ్గర మాట పెంచలేరు. ఆ నిర్ణయం ఆయనదే, మీ ఫీజు కోసం ఆయన్ను అందులోకి నెట్టకండి.

చెవి కమ్మలు కుదువ పెట్టడం సంఘం అప్పు కుదరనప్పుడు మాత్రమే, అది కూడా బ్యాంకులో. రసీదు మీద బరువు సరిగా రాశారో లేదో చూసుకుని తీసుకోండి.

విద్యా రుణం సంగతి అడిగారు. పద్నాలుగు వేలకు కొత్త రుణం పెట్టుకోవడం వృథా ప్రయాస, మంజూరయ్యేసరికి మీ కోర్సు అయిపోతుంది. ఇప్పటికే రుణం ఉన్నవాళ్లకు మాత్రం ఒక దారి ఉంది. బ్యాంకుల నమూనా విద్యా రుణ పథకంలో కోర్సు పూర్తి చేయడానికి అవసరమైన ఇతర ఖర్చుల పద్దు ఉంటుంది, కళాశాల ఇచ్చిన డిమాండ్ కాగితం చూపి మేనేజరును అడగవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోకండి. అది కోర్సు వార్షిక రుసుముకు. మళ్లీ చదివే సబ్జెక్టు రుసుమును అందులో కలిపి తెచ్చుకున్నవాళ్లను నేను చూడలేదు. అయితే ఈ సబ్జెక్టు వదిలేసి ఏడాది వెనకబడితే ఆ రీయింబర్స్‌మెంట్ రెన్యువల్ కూడా చిక్కులో పడుతుంది. "వచ్చే ఏడు చూసుకుందాం" అని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట చెప్పండి.

వేట నిషేధ భృతి 20,000 ఇంటి ఖర్చుకూ పాత బాకీకీ అయిపోయిందన్నారు. అది అందుకే ఇస్తారు కూడా, దానికి మీరు బాధపడనక్కర్లేదు.

మీరు సంపాదించగలిగేది ఒకటుంది. ఏప్రిల్‌లో ఇంటర్, పదో తరగతి ఫలితాలు వచ్చాక సప్లిమెంటరీ పరీక్షలకు మే నెలంతా లెక్కలు చెప్పేవాళ్ల కోసం తల్లిదండ్రులు వెతుకుతుంటారు. మీకు హాజరు పోయింది గానీ లెక్కలు పోలేదు కదా. మీ పేటలోనే ఇద్దరు ముగ్గురు పిల్లలు దొరకవచ్చు. తరగతులు మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోతాయన్నారు, సాయంత్రం రెండు గంటలు చాలు. రెండు వేలు రావచ్చు, మూడు రావచ్చు. రాకపోతే మే నెలాఖరు వాయిదా కూడా సంఘం అప్పులోంచే కట్టాల్సి వస్తుంది, కాబట్టి మాట ఇచ్చిన తల్లిదండ్రుల దగ్గర సగం ముందే తీసుకోండి. బట్టల దుకాణంలో పెళ్లిళ్ల సీజను పని గురించి కూడా రాశారు. రాత్రి పదింటిదాకా నిలబెడతారు. పొద్దున ఎనిమిదికి తరగతి ఉన్న మనిషికి అది వద్దు. ఈ కోర్సు మళ్లీ తప్పితే ఇంకో పది వేలు.

ఆన్‌లైన్ కోర్సు రాసి దీన్ని తప్పించుకోవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల్లో చదవడం ఉచితం, పరీక్షకు సబ్జెక్టుకు 1,000 రూపాయలు. ఆ కోర్సులు ఉండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయం ద్వారా ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా అనుమతించవచ్చని యూజీసీ 2021 నిబంధనల్లో ఉంది. కానీ అవి ప్రధానంగా జనవరిలో, జులైలో మొదలవుతాయి, మీకు జూన్ లోపు క్రెడిట్లు కావాలి. పైగా ఏ కోర్సు దేనికి సమానమో మీ కళాశాల ముందుగా కాగితం మీద ఒప్పుకోవాలి. మా దగ్గర ఒకతను అడక్కుండా రాసి, మంచి మార్కులు తెచ్చుకుని వచ్చాడు. సిలబస్ కలవలేదని క్రెడిట్లు ఇవ్వలేదు. వచ్చే సెమిస్టర్‌లలో ఏదైనా ఇబ్బంది వస్తే గుర్తుంచుకోండి, ఇప్పటికి ఇది దారి కాదు.

పుస్తకాలు కొనకండి. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, సీనియర్ల దగ్గర పాత ప్రతులు ఉంటాయి. గణితం సిలబస్ అంత తరచుగా మారదు.

ఇంకొక్కటి. మీతోపాటు ఈ కోర్సు కట్టాల్సినవాళ్లు ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. మరీ తక్కువమంది అయితే కోర్సే నడపకపోవచ్చు, అప్పుడు కట్టింది తిరిగి తీసుకోవడం మరో తతంగం. ఎక్కువమంది ఉంటే వాయిదాల కోసం అందరూ కలిసి ఒకే అర్జీ పెట్టండి. ఒక ఏడాది పదకొండు మంది అలా వస్తే, మా యాజమాన్యం అందరికీ ఒకే మాటు రెండు వాయిదాలు ఇచ్చింది, విడివిడిగా పరిశీలించే ఓపిక లేక.

ప్రిన్సిపాల్ గారి సంతకాలు సాధారణంగా ఉదయం అవుతాయి, మధ్యాహ్నం ఇన్‌వర్డ్ కౌంటర్ పెందలాడే మూసేస్తారు. మే 5 దాకా ఆగకండి. ఈ సోమవారం పదింటికల్లా అక్కడ ఉండండి, నాన్నగారు ఖాళీగానే ఉన్నారు కాబట్టి వెంట తీసుకెళ్లండి. ఆయన మాట్లాడనక్కర్లేదు, పక్కన ఉంటే చాలు. ఏమన్నారో రాయండి, కాగితంలో ఏదైనా మార్చాల్సి వస్తే చెబుతాను.